పాత పీసీల్లో బయాస్ పరిశీలన: చరిత్ర

పాత పీసీకి కరెంటు అందగానే మొట్టమొదట నడిచే ప్రోగ్రాం బయాస్. ఇది డిస్కులో కాక మదర్‌బోర్డు మీది రోమ్ చిప్పులో ఉంటుంది. మెమరీని, కీబోర్డును పరీక్షించి, ఆపరేటింగ్ సిస్టంను లోడ్ చేస్తుంది. ఈ పేరును 1970ల మధ్యలో సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టం రాసిన గ్యారీ కిల్డాల్ తొలిసారి వాడాడు.

1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం 5150 పీసీలో బయాస్ 8 కేబీ మాత్రమే. దాన్ని దాచిన కోడ్ అనలేం. టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో ఐబీఎం ఆ అసెంబ్లీ కోడ్ అంతా వ్యాఖ్యలతో సహా అచ్చువేసింది. ఐబీఎం పీసీకి నకళ్లు తయారుచేసేవాళ్లకు ఆ అచ్చే చిక్కు తెచ్చిపెట్టింది. కాపీరైటున్న ఆ పుటలు చదివినవాడు సొంతంగా బయాస్ రాసినా అనుమానం తప్పదు. 1984లో కరోనా, ఈగిల్ కంపెనీలపై ఐబీఎం దావా వేసింది, రెండూ రాజీకొచ్చాయి. కాంపాక్, ఆ తర్వాత ఫీనిక్స్ ఈ గండాన్ని తెలివిగా దాటాయి. ఒక జట్టు కోడ్ చదివి, ఏ పిలుపుకు ఏ ఫలితం రావాలో మాత్రమే రాసిచ్చింది. ఆ కోడ్ ఎన్నడూ చూడనివాళ్లు దాన్నిబట్టి కొత్త బయాస్ రాశారు. చదవకపోవడమే అర్హతైన ఉద్యోగం ఇది! ఫీనిక్స్ 1984లో తన బయాస్‌ను ఇతర తయారీదారులకు అమ్మడంతో నకలు పీసీలు వెల్లువెత్తాయి. మన దగ్గర పాత కంప్యూటర్లు ఆన్ చేయగానే కనిపించిన అమెరికన్ మెగాట్రెండ్స్ పేరు 1985లో సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ స్థాపించిన సంస్థది.

బయాస్ పరిశీలనకు తొలి పనిముట్టు డాస్‌తో వచ్చిన, మెమరీలోని బైట్లను చూపే డీబగ్. 8088 ప్రాసెసర్ తన 1 ఎంబీ చిరునామాల్లో చివరి 16 బైట్ల దగ్గర మొదలవుతుంది. అక్కడి తొలి 5 బైట్లు అసలు కోడ్‌కు పంపే ఆదేశం, తర్వాతి 8 బైట్లు బయాస్ తేదీ. బోర్డు పాడైతే చిప్పు ఊడదీసి ఈప్రామ్ ప్రోగ్రామర్‌లో చదవాలి. 1984 నాటి ఐబీఎం ఏటీలో సరి బైట్లు ఒక చిప్పులో, బేసి బైట్లు మరో చిప్పులో ఉంటాయి; రెండింటినీ కలిపితేనే కోడ్ అర్థమవుతుంది. ఈప్రామ్ చిప్పు గాజు కిటికీ మీది స్టిక్కర్‌ను పీకకూడదు, అతినీలలోహిత కాంతి తగిలితే కోడ్ చెరిగిపోతుంది.

ఫ్లాష్ చిప్పులు వచ్చాక బయాస్‌ను అక్కడికక్కడే మార్చే వీలు కలిగింది, చెరిపే వీలు కూడా. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ అదే చేసింది. ఆ ఏడాదే లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మిన్నిచ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు లినక్స్‌బయాస్ 2008లో కోర్‌బూట్ అయింది. ఇక ఇలాంటి పరిశీలన చట్టబద్ధమేనా అంటే, భారత కాపీరైట్ చట్టానికి 1999లో చేసిన సవరణ, చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రాం పనితీరును పరిశీలించడం ఉల్లంఘన కాదని చెప్పింది.