తాళంచెవి

మా తాతయ్యని తల్చుకుంటే ముందు సైకిల్ బెల్లు వినిపిస్తుంది. తర్వాతే మనిషి కనిపిస్తారు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, హేండిలుకి వేలాడే గుడ్డసంచీ, అందులోంచి తొంగిచూసే మునక్కాడలు. ఎనభై ఏడో ఏట కూడా చీరాల బజారుకి అలాగే వెళ్ళేవారు. నాయనమ్మ పోయాక ఇరవయ్యేళ్ళు ఒక్కరే వండుకు తిన్నారు. ఆవకాయ కూడా తనే కలుపుకునేవారు. నిజం చెప్పొద్దూ, మా అమ్మ పెట్టే ఆవకాయకంటే అదే బాగుండేది! (అమ్మ ఈ పేజీ చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.)

ఇంత మొండితనం ఎక్కణ్ణించి వచ్చింది తాతయ్యా అంటే, "రామనగరం నించి" అనేవారు.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అప్పుడది గుంటూరు జిల్లా. తర్వాత ప్రకాశం అయింది, 2022 నుంచి బాపట్ల. ఊరు కదలకపోయినా జిల్లాలు కదులుతూనే ఉన్నాయి. మునిసిపాలిటీ కావాలని జనం అడగలేదు. అడగని వైభోగానికి పన్ను మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. మగ్గాల మీద బతికే ఊరాయె, కట్టలేం, కట్టం అన్నారు. కట్టనందుకు జైలుకి వెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. ఆవిడ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకి మించి లేవు. ఆ కొరత నాకెప్పుడూ ఉంది.

1921 ఏప్రిల్లో గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శాంతంగా నిలబడటం ఒక దారి, ఊరే ఖాళీ చేసి పోవటం రెండో దారి అన్నారు. ఊళ్ళో మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జనాన్ని ఆ రెండో దారినే నడిపించారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చి, రామదండు అనే సేవాదళాన్ని నడిపిన మనిషి ఆయన. 15 వేల పైచిలుకు జనంలో 13 వేలమందికి పైగా ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. అదే రామనగరం. 11 నెలలున్నారు.

తాతయ్యకప్పుడు ఆరేళ్ళు. ఉపన్యాసాలేవీ గుర్తులేవు.

"అమ్మ ఇంటికి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. మొదటి వానకే పాకంతా కారింది. రాత్రల్లా నన్ను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. కనుచూపు మేరలో మా పెంకుటిల్లు. వెళ్ళిపోదామని ఏడ్చాను. ముడి విప్పలేదే అమ్మాయ్!" అనేవారు.

పాకల్లోనే వంటలు, పాకల్లోనే జబ్బులు, పాకల్లోనే పురుళ్ళు. పోరాటం అనగానే మనకి నాయకులే గుర్తొస్తారు. పదకొండు నెలలు ఆ తడికట్టెలతో పొయ్యి ఎవరు రాజేశారో ఎవరూ రాయరు.

గోపాలకృష్ణయ్యగారిని జైల్లో పెట్టారు. విరాళాలు తగ్గాయి. చివరికి జనం ఇళ్ళకి తిరిగొచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. ఆయన 1928లో, 39 ఏళ్ళకే పోయారు. "అయితే ఓడిపోయారన్నమాట" అన్నాను ఒకసారి. "తిరిగొచ్చాం" అన్నారు తాతయ్య, అంతే.

2003లో వానలో సైకిల్ జారి తాతయ్య చెయ్యి విరిగింది. నాన్న, అత్తయ్య కూచుని తీర్మానించారు: హైదరాబాదు వచ్చెయ్యాలి, సైకిల్ మానెయ్యాలి. ఆయన్ని ఎవరూ అడగలేదు. హైదరాబాదుకి "రాను" అన్నారు. సైకిల్ సంగతికి ఆయనతో మాటలెందుకని, నాన్న కంటితో సైగ చేస్తే నేనే గూట్లోంచి తాళంచెవి తీసి హేండుబేగులో వేసుకున్నాను. మంచికే అనుకున్నాను. కట్టు విప్పిన మర్నాడు తాతయ్య గూట్లో చెయ్యి పెట్టి తడిమారు. నావైపు ఒక్కసారి చూశారు. అడగలేదు. సంచీ చంకన పెట్టుకుని బజారుకి నడిచి వెళ్ళారు.

అయిదేళ్ళు అలాగే నడిచారు. తాళం పగలగొట్టించుకోవడం ఎంతసేపు? సైకిల్ షాపు ఎదురుగానే ఉంది. పగలగొట్టించలేదు. వారానికోసారి చక్రాలకి గాలి మాత్రం కొట్టేవారట, పక్కింటావిడ చెప్పింది.

తాళంచెవి కవర్లో పెట్టి పంపుదామని చాలాసార్లు అనుకున్నాను. నాన్న కోప్పడతారని కొన్నాళ్ళు, సిగ్గేసి కొన్నాళ్ళు, అలా జరిగిపోయింది. 2008లో తాతయ్య పోయారు. తాళం పగలగొట్టి సైకిల్ పాలబ్బాయికిచ్చేశాం. తాళంచెవి నా కుట్టుమిషను సొరుగులో ఉంది. బాబిన్ కోసం వెతికినప్పుడల్లా చేతికి తగులుతుంది.