పిడుగును మించిన మెరుపు

పల్నాటి సీమలో పిడుగురాళ్ల యను పట్టణము కలదు. సున్నపు బట్టీలకు అది ప్రసిద్ధి. ఆ పేరు వినగానే మింట మెరిసి నేలకు దిగు వస్తువు మన తలంపునకు వచ్చును. మేము నేడు చెప్పబోవు మెరుపు మాత్రము నేలను తాకదు. అది ఎక్స్‌రేల కంటెను శక్తిగల గామా కిరణముల మెరుపు; భూమిని కప్పియున్న గాలి పొర దానిని పైననే అడ్డగించును. దానిని చూడవలెనన్న యంత్రమును మింటికే పంపవలెను.

దానిని మొదట చూచినవారు దానికొరకు వెదకినవారు కారు. 1963లో అణుపరీక్షల నిషేధపు ఒడంబడిక కుదిరినది. ఎవరైన చాటుగ అంతరిక్షమున బాంబు పేల్తురేమోయని అమెరికా వారు వేలా అను ఉపగ్రహములను కావలి పెట్టిరి. 1967 జులై 2న వానికొక గామా మెరుపు కానవచ్చినది. బాంబు తీరు అది కాదు. లాస్ అలమోస్‌లోని క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఆల్సన్ అను మువ్వురు, ఒక్కొక్క ఉపగ్రహమునకు మెరుపు చేరిన వేళలలోని సూక్ష్మ భేదమును లెక్కించి, ఇట్టివి భూమినుండి గాని సూర్యునినుండి గాని వచ్చుట లేదని తేల్చిరి. 1973లో 16 మెరుపుల వృత్తాంతమును ప్రకటించిరి. వేగునకై తెరచిన కన్ను ఖగోళ శాస్త్రమునకు దక్కుట మాకు ముచ్చటగ తోచును.

కాని అవి ఎంత దూరమునుండి వచ్చుచున్నవి? కొన్ని సెకండ్లలో అణగిపోవు దానివైపు దుర్భిణిని త్రిప్పుట ఎట్లు? 1991లో పైకి పోయిన కాంప్టన్ ఉపగ్రహము 2,704 మెరుపులను లెక్కకు తెచ్చినది. అవి పాలపుంత వైపు గుమిగూడక ఆకసమంతట సమముగ పరచుకొని యున్నవి. విచిత్రమేమనగా, కాంప్టన్‌కు క్రిందినుండి, ఉరుము మేఘములనుండి కూడ కొన్ని చిన్న గామా మెరుపులు కానవచ్చినవి. పిడుగునకును వీనికిని చుట్టరికము బొత్తిగ లేకపోలేదు!

దూరము తేలినది 1997లో. ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్స్ దేశముల బెప్పోసాక్స్ ఉపగ్రహము ఒక మెరుపును పట్టి, సుమారు ఎనిమిది గంటలలో అటు తిరిగి, ఆరిపోవుచున్న ఎక్స్‌రే వెలుగును చూచినది. దీపమారిన పిమ్మట వత్తి కొనను మిగులు ఎరుపు వంటిది ఈ అనంతర కాంతి. ఆ మే నెలలో మరియొక మెరుపు వెనుకటి కాంతిని హవాయిలోని కెక్ దుర్భిణితో పరీక్షింపగా, అది వందల కోట్ల కాంతి సంవత్సరముల ఆవలిదని తెలిసినది. 2004లో ఎగిరిన స్విఫ్ట్ నిమిషము సేపటిలోనే మెరుపు వైపు తిరుగగలదు.

ఈ కథలో మన తీరమునకును పాలు కలదు. శ్రీహరికోటనుండి 1987, 1988 సంవత్సరములలో బయలుదేరిన స్రాస్ ఉపగ్రహములు రెండును కక్ష్య చేరలేదు. 1992 మే 20న మూడవది గామా మెరుపుల యంత్రముతో చేరినది గాని, తగిన ఎత్తు అందక రెండు నెలలలోపే రాలిపోయినది. 1994 మే 4న పోయినది నిలిచినది. పిమ్మట 2015 సెప్టెంబరు 28న అక్కడినుండియే ఆస్ట్రోశాట్ ఎగిరినది. అందలి కాడ్మియం జింక్ టెల్యురైడ్ యంత్రము అక్టోబరు 6న, పని మొదలిడిన నాడే, ఒక మెరుపును పట్టినది. మిక్కిలి శక్తిగల కిరణములు పెట్టె గోడలను చొచ్చుకొని లోనికి రాగలవు గనుక, దానికి ఎదుటి దిక్కే గాక ప్రక్కలు కూడ కానవచ్చును.

దాని విలువ 2017 జనవరిలో తెలిసినది. 4వ తేదీన అమెరికాలోని లైగో గురుత్వ తరంగము నొకదానిని పసిగట్టినది. అది వచ్చిన దిక్కున హవాయిలోని అట్లాస్ దుర్భిణికి ఆరిపోవుచున్న వెలుగొకటి కనబడినది. రెండును ఒకటే యగునేని అది గొప్ప విశేషమే; పలువురు దుర్భిణులను అటు త్రిప్పిరి. అయితే ఆస్ట్రోశాట్ లెక్కలలో 5వ తేదీన ఒక గామా మెరుపు కానవచ్చినది. ఆ వెలుగు దాని అనంతర కాంతియే. ముందునాటి తరంగముతో దానికి సంబంధము లేదు. ఆశ భగ్నమైనను తప్పు జత తప్పినది.

నిజమైన జత ఆ ఆగస్టు 17న దొరికినది. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొనిన తరంగము వచ్చిన 1.7 సెకండ్లకు గామా మెరుపు వచ్చినది. అప్పుడు ఆస్ట్రోశాట్‌కు భూమి అడ్డము. అయినను, దానికి కానరాలేదు గనుక మెరుపు భూమి మరుగున నున్న దిక్కునుండియే వచ్చియుండవలెనని, వెదకవలసిన మేరను తగ్గించుకొనిరి. 2023 నవంబరు నాటికి ఆ యంత్రము పట్టిన మెరుపులు 600.