మృతుల గ్రంథం (ప్రాచీన ఈజిప్టు)

ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవారితో పాటు సమాధిలో ఉంచిన పపైరస్ చుట్టలకు ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు మృతుల గ్రంథం. 1842లో ట్యూరిన్‌లోని ఒక చుట్టను అచ్చువేసిన జర్మన్ పండితుడు రిచర్డ్ లెప్సియస్ ఈ పేరును స్థిరపరిచాడు. నిజానికి ఇది ఒకే గ్రంథం కాదు. దాదాపు 200 మంత్రాల్లోంచి ఎవరి స్తోమతుకు తగ్గట్టు వారు ఎంచుకుని రాయించుకున్న సంకలనం.

ఈ మంత్రాలు మొదట రాజుల సొత్తు. క్రీ.పూ. 2350 ప్రాంతంలో సక్కారాలో ఉనస్ రాజు పిరమిడ్ లోపలి గోడలపై చెక్కినవే మనకు దొరికిన వాటిలో అతి పాతవి. మధ్య రాజ్యకాలంలో అవి అధికారుల శవపేటికల మీదికి దిగాయి. క్రీ.పూ. 1550 తర్వాత పపైరస్ మీదికి వచ్చాక, డబ్బు పెట్టగల ఎవరికైనా పరలోకపు దారి తెరుచుకుంది. అయినా పేదవారికి అందేంత చవక కాదు. ఒక చుట్ట వెల కూలివాడి ఏడాది సంపాదనలో సగం దాకా ఉండేదని అంచనా.

వారి నమ్మకంలో పాతాళం పేరు దువాత్. సూర్యదేవుడు రా ప్రతి రాత్రీ పన్నెండు గంటలు పడవలో అక్కడ ప్రయాణించి, అపెప్ అనే మహాసర్పాన్ని జయించి, తెల్లవారగానే మళ్లీ పుడతాడు. మృతుడూ అలాగే కత్తులు పట్టిన కాపలాదారులున్న ద్వారాలు దాటాలి. వాళ్ల పేర్లు తెలిస్తేనే దారి ఇస్తారు. ఆ పేర్లు రాసి ఉన్న చుట్ట వెంట ఉండవలసిన అవసరం అదే.

అన్నిటికన్నా గంభీరమైనది 125వ మంత్రం (పండితుల వాడుకలో అధ్యాయం). పరలోకాధిపతి ఒసిరిస్ కొలువులో 42 మంది న్యాయాధికారుల ఎదుట మృతుడు ఒక్కొక్క పాపాన్నీ పేరుపెట్టి, తాను చేయలేదని చెప్పాలి. అనుబిస్ దేవుడు అతని గుండెను త్రాసులో ఒకవైపు, సత్యదేవత మాత్ ఈకను మరోవైపు ఉంచి తూస్తాడు. లేఖక దేవుడు థోత్ ఫలితం రాసుకుంటాడు. చిత్రగుప్తుడి చిట్టాలా ఎవరో రాసిపెట్టిన లెక్క కాదిది. సాక్షి మనిషి గుండే. అందుకే మమ్మీ చేసేటప్పుడు గుండెను సాధారణంగా శరీరంలోనే ఉంచేవారు. అది మృతుడికి ఎదురుతిరగకుండా వేరే మంత్రమూ ఉండేది. తూకంలో ఓడితే మొసలి తల, సింహపు ముందుభాగం, నీటిగుర్రపు వెనుకభాగం ఉన్న అమ్మిత్ ఆ గుండెను మింగుతుంది. ఇక ఆ మనిషికి ఉనికే లేదు. గెలిచినవారికి దక్కే పరలోకం పేరు రెల్లుపొలాలు. అక్కడా దున్నాలి, కోయాలి. ఆ శ్రమలో మృతుడికి బదులు నిలబడేందుకు షబ్తి బొమ్మలు తోడు పెట్టేవారు.

లేఖకులు చాలా చుట్టలను ముందే సిద్ధం చేసి, పేరుకు ఖాళీ వదిలేవారు. క్రీ.పూ. 1250 నాటి, ‘అని’ అనే వ్యక్తి పపైరస్‌లోనూ కొన్నిచోట్ల పేరు వేరే చేతిరాతలో ఉంది. ఆ ‘అని’ స్వయంగా రాజలేఖకుడు.

26వ రాజవంశ కాలంలో అధ్యాయాల వరుస స్థిరపడింది. టోలమీ రాజుల కాలంలోనూ, ఆ తర్వాత రోమన్ పాలనలోనూ పొట్టి రచనలైన 'శ్వాస గ్రంథాలు' వీటి స్థానంలోకి వచ్చాయి.

‘అని’ పపైరస్‌ను 1888లో పండితుడు వాలిస్ బడ్జ్ బ్రిటిష్ మ్యూజియం కోసం సంపాదించాడు. సుమారు 24 మీటర్ల ఆ చుట్టను 37 ముక్కలుగా కోయించాడు. భద్రపరచడం తేలికయిందేమో గాని, ఒకదాన్నుంచి మరొకదానికి సాగే బొమ్మల, మంత్రాల వరుస తెగిపోయింది. ప్రాచీన ఈజిప్టు అధ్యయనానికి బడ్జ్ చేసిన సేవ ఎంతైనా, ఆ కోతను సమర్థించలేం.