స్నేహము, నిరీక్షణము, సమ్మతి

బిలాసపూరు రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువారికి "మీ దేశమేది?" యని యడిగినచో వెంటనే సమాధానము తోచదు. మా తాతగారు విజయనగర ప్రాంతమునుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకు వచ్చిరి. మా తండ్రిగారు ఆగ్నేయ రైల్వేలో పనిచేసి అచ్చటనే విశ్రాంతి తీసికొనిరి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూరునుండి బిలాసపూరు మీదుగా ఆసనసోలు వరకు మార్గమును 1891 నాటికి పూర్తిచేసెను. తరువాత ఆ సంస్థ వాల్తేరు వరకు వ్యాపించెను. 1931లో రాయపూరు విజయనగరముల నడుమ మార్గము పూర్తియయ్యెను. ఈ రెండు దారులవెంట ఉత్తరాంధ్రపు కుటుంబములు ఎన్నియో ఆర్పా నదీతీరమునకు చేరినవి. 2003లో బిలాసపూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది.

ఆ కాలనీలో మా పెరటి గోడకు ఈవల తెలుగు, ఆవల బంగాళీ, ఎదుట ఒరియా, వెనుక ఛత్తీస్‌గఢీ. సంక్రాంతి నాడు అరిసెలు గోడ దాటి పోయెడివి. విజయదశమి నాడు సందేశ్ మిఠాయి గోడ దాటి వచ్చెడిది. గిన్నెలు మారినంతకాలము ఎవ్వరికిని ఇబ్బంది లేదు. మనసులు కలిసినప్పుడే ప్రశ్న పుట్టును.

మూడేండ్ల క్రిందట నేను సెలవుపై ఢిల్లీనుండి బిలాసపూరు వెళ్ళియుండగా, మా తండ్రిగారి సహోద్యోగియు, చిన్ననాటినుండి నేను బాబాయిగారని పిలుచు పెద్దయునగు ఒకరు సాయంకాలము మా వసారాలో వచ్చి కూర్చుండిరి. వారి కుమార్తెయు, ఇరుగింటి బంగాళీవారి అబ్బాయియు ఒకే బడిలో చదువుకొన్నవారు. పుస్తకములు ఇచ్చిపుచ్చుకొనుటతో మొదలైన స్నేహము క్రమముగా అనురాగమైనది. ఒకనాడు ఆ అబ్బాయి స్వయముగా వచ్చి, తల వంచుకొని, "అమ్మాయిని నాకిచ్చి పెండ్లి చేయండి" యని తెలుగులోనే యడిగెనట. బాబాయిగారు అవునని గాని కాదని గాని అనలేదు. నన్ను చూచి ఇట్లనిరి:

"ఏం బాబూ, నువ్వు చరిత్ర చదువుకున్నవాడివి గదా. ఇలాటిది మన తెలుగువాళ్ళ పెద్దిళ్ళల్లో ఎప్పుడైనా జరిగిందా? జరిగితే ఆ పిల్ల తండ్రి ఏం చేశాడో అది చెప్పు. పిల్లలేం చేస్తారో నాకు తెలుసు."

ఆ ప్రశ్నకు ఆనాడు నేను చెప్పిన సమాధానమునే మన సంచికా పాఠకులకును మనవి చేయుచున్నాను.

హైదరాబాదులో అఘోరనాథ చట్టోపాధ్యాయులను పేర ఒక బంగాళీ విద్వాంసుడుండెను. ఆయన ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టమును పొంది, నిజాం రాజ్యమునకు వచ్చి, నేటి నిజాం కళాశాలకు మూలమైన విద్యాసంస్థను నడపినవాడు. బ్రహ్మసమాజమున విశ్వాసము గలవాడు. రైల్వేవారమగు మనము ఆయనను గూర్చి ఇంకొక విషయమును గుర్తుంచుకొనవలెను. 1883లో చాందా రైలుమార్గ పథకముపై బహిరంగ చర్చ జరుగవలెనని కోరినవారిలో ఒకడైనందున ఆయనను హైదరాబాదునుండి వెడలగొట్టిరి. కొంతకాలమునకు మరల రానిచ్చి కొలువునిచ్చిరి. ప్రభుత్వమునెదుట మాట దాచుకొనని ఆ తండ్రికి 1879 ఫిబ్రవరి 13వ తేదీన జన్మించిన పెద్ద కుమార్తెయే సరోజిని.

నిజాం ప్రభుత్వ సేవలో ముత్యాల గోవిందరాజులు నాయుడను తెలుగు వైద్యుడుండెను. ఆయనకును సరోజినికిని పరిచయమై, స్నేహమై, అనురాగమైనప్పుడు ఆమె వయస్సు పదునైదేండ్ల ప్రాంతము. ఆయన ఆమెకంటె వయస్సున చాల పెద్ద. ఆమె బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన బంగాళీ బాలిక. ఆయన బ్రాహ్మణేతరుడగు తెలుగువాడు. కులభేదములను నిరసించు బ్రహ్మసమాజపు గృహమే యైనను తల్లిదండ్రులు తొలుత సమ్మతింపలేదు. బాలిక మనసు ఇంకను నిలకడ చెందలేదని వారు శంకించియుందురు. ఆ శంక ఏ తండ్రికైనను సహజమే.

పిమ్మట జరిగినదేమి? ఆమెను గదిలో బంధింపలేదు. తొందరపడి వేరొక సంబంధమును చూడలేదు. 1895లో, పదునారేండ్ల ప్రాయమున, నిజాం ప్రభువు మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఆమెను ఇంగ్లాండునకు పంపిరి. లండనులోని కింగ్స్ కళాశాలలోను, తరువాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను ఆమె చదివెను. విద్య ఒక ప్రయోజనము, ఎడబాటు మరియొక ప్రయోజనము. ఆమె కవిత్వమును అచ్చటి విమర్శకులు గుర్తించిరి. ఎడ్మండ్ గాస్ ఆమెను తన దేశమును గూర్చియే వ్రాయుమని హెచ్చరించెను. మూడేండ్లు, నడుమ సముద్రములు, కొత్త మనుష్యులు, కొత్త కీర్తి. ఒక బాల్య వ్యామోహము మరుగున పడుటకు ఇంతకంటె అనుకూలమైన పరిస్థితులు ఏమి కావలెను? అయినను లండనునుండి గోవిందరాజులుగారికి జాబులు వచ్చుచునే యుండెను. 1898లో ఆమె తిరిగివచ్చునప్పటికి మనసు మారలేదు. హైదరాబాదులో నిరీక్షించిన వైద్యుని మనసును మారలేదు.

1898 డిసెంబరు 2వ తేదీన మదరాసులో వారి వివాహము జరిగెను. దానిని జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించి, ఊరివారి ఆగ్రహమును సహించిన ఆ చేతులే, పదునేడేండ్ల తరువాత ఒక బంగాళీ కన్యను తెలుగింటి కోడలిని చేసినవి. నాటినుండి ఆమె సరోజినీ నాయుడు. భారతదేశమంతయు ఆమెను పిలుచు పేరులో చివరి మాట మన తెలుగుమాట.

ఇచ్చట చరిత్ర చదువువారు తరచుగా గమనింపని సంగతి యొకటి కలదు. ఆ వివాహము 1872 నాటి మూడవ చట్టము ననుసరించి జరిగినది. ఆ చట్టము ప్రకారము వధూవరులు తాము హిందూ మతమును గాని, ఇతర ప్రధాన మతములను గాని అవలంబించువారము కామని ప్రకటింపవలెను. 1923లో సవరణ వచ్చువరకు ఆ నిబంధన తప్పలేదు. ఇంకొక నిబంధన కూడ నుండెను. ఇరువది యొక్క సంవత్సరములు నిండనివారికి తండ్రియొక్క గాని, సంరక్షకునియొక్క గాని సమ్మతి కావలెను. వివాహమునాటికి సరోజినికి పందొమ్మిదేండ్లు దాటి తొమ్మిది నెలలు మాత్రమే. అనగా, మూడేండ్ల క్రిందట ఓడ ఎక్కించి పంపిన తండ్రియే ఇప్పుడు సమ్మతినిచ్చినగాని ఆ వివాహమునకు చట్టబలము లేదు. మనము దీనిని ప్రేమ సాధించిన విజయముగనే చెప్పుకొనుచున్నాము. తండ్రి తన మనసును మార్చుకొనిన కథగా కూడ చెప్పుకొనవలెను.

ఇది విని బాబాయిగారు కొంతసేపు మౌనముగా నుండిరి. "అంటే ఆయన ఆపాడు గాని తెంచలేదన్నమాట" అనిరి. మరల, "నా బాధ కులం కాదు బాబూ. మా అమ్మాయి రెండేళ్ళు నాతో చెప్పకుండా దాచింది. అదీ నా బాధ" అనిరి.

అప్పుడు నాకు మా ఊరి స్టేషనే జ్ఞప్తికి వచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రకటించిన "పలాతకా" సంపుటిలో "ఫాంకి" యను కథాకావ్యము కలదు. ఫాంకి యనగా మోసము. వ్యాధిగ్రస్తురాలైన బినూ యను ఇల్లాలు భర్తతో గాలి మార్పునకై పోవుచు, బిలాసపూరు స్టేషనులో రైలు మారుటకై వేచియుండును. అచ్చట రుక్మిణి యను కూలివాని భార్య తన బిడ్డ పెండ్లికి ఇరువది యైదు రూపాయలు కావలెనని చెప్పుకొనును. బినూ భర్తను ఇమ్మని కోరును. అతడు చాటుకు పోయి, రెండు రూపాయలు మాత్రము చేతబెట్టి, అంతయు నిచ్చితినని భార్యతో చెప్పును. ఆమె ఆ మాట నమ్మి, తృప్తితో కన్నుమూయును. తరువాత అతడు ఆ ఋణమును తీర్చుటకై బిలాసపూరునకు వచ్చి రుక్మిణిని వెదకును, ఆమె కానరాదు. చిన్న దాపరికమే, కాని దానిని దిద్దుకొనుటకు కాలము మిగులలేదు.

ఈ కథను చెప్పి, "బాబాయిగారూ, అమ్మాయి దాచినది నిజమే. కాని దిద్దుకొనుటకు మీకు ఇరువురకును కాలమున్నది గదా" యంటిని. ఆయన లేచి, చేతికఱ్ఱ తీసికొని, ఏమియు ననక వెళ్ళిపోయిరి. మరునాడు అమ్మాయిని, ఆ అబ్బాయిని పిలిచి, ఆమె చదువు పూర్తియగువరకు రెండేండ్లు వేచియుండవలెననియు, ఆలోగా ఏదియు చాటున జరుగరాదనియు, అతడు తమ యింటికి వీధి గుమ్మమునుండియే రావలెననియు చెప్పిరి. వారు సమ్మతించిరి, మాట నిలుపుకొనిరి.

గత సంవత్సరము వారి వివాహము 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద జరిగినది. ఈ చట్టమున మతమును విడనాడు ప్రకటన లేదు. ముప్పది దినముల నోటీసు కలదు; వధువునకు పదునెనిమిది, వరునకు ఇరువది యొకటి నిండియుండవలెను. వయస్సు వచ్చినవారికి తండ్రి సమ్మతి అవసరమే లేదు. అధికారి యెదుట కాగితము పరచినప్పుడు బాబాయిగారు కండ్లద్దములు సవరించుకొని మొదటినుండి చివరివరకు చదివి, "తండ్రి సంతకానికి చోటేదీ?" యని యడిగిరి. లేదని, సాక్షులకు మాత్రము మూడు చోట్లు కలవని ఆ అధికారి చెప్పెను.

ఆయన నా జేబులోని కలము తీసికొని, మొదటి చోట తన పేరు వ్రాసిరి. రెండవ చోట అబ్బాయి తండ్రి, మూడవ చోట నేను వ్రాసితిమి. 1898లో చట్టము అడిగి తీసికొనిన దానిని, బాబాయిగారు అడుగకయే ఇచ్చిరి.