ముల్లు తప్పిన రేడియో: తీరగ్రామంలో ప్రసార చరిత్ర

ఆకాశవాణి చరిత్రను సాధారణంగా కేంద్రాల ప్రారంభ తేదీలతో చెబుతారు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలయ్యాయి. అయితే ప్రసారం మొదలైనంత మాత్రాన అది ఇంటికి చేరినట్లు కాదు. వినేవారి రేడియో దాన్ని సరిగా పట్టుకోవాలి. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేటను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించండి.

ఇందుకూరుపేట, ఆ మండలంలోని మైపాడు తీరం మద్రాసుకూ విజయవాడకూ మధ్య ఉన్నాయి. మీడియం వేవ్‌లో మద్రాసు 720, హైదరాబాదు 738, విజయవాడ 837 కిలోహెర్ట్‌జ్‌ల వద్ద వినిపించేవి. రాత్రివేళ దూరపు కేంద్రాల తరంగాలు అయనోవరణం నుంచి తిరిగివచ్చి బలంగా వినిపిస్తాయి. అప్పుడు 720, 738ల మధ్యనున్న 18 కిలోహెర్ట్‌జ్‌ల ఎడాన్ని కాపాడవలసింది రేడియోయే.

ఇది ఎలా సాధ్యం? 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన సూపర్‌హెటిరోడైన్ పద్ధతిలో, మీరు విజయవాడ పెట్టినప్పుడు సెట్‌లోని ఆసిలేటర్ 1292 వద్ద పనిచేస్తుంది. రెండింటి తేడా 455. ఏ కేంద్రం పెట్టినా ఈ తేడా మారదు. దీన్నే ఐ.ఎఫ్. అంటారు.

తీరంలోని తేమ, ఉప్పుగాలి గ్యాంగ్ కండెన్సర్‌నూ ట్రిమ్మర్లనూ పాడుచేస్తాయి. అప్పుడు లోపాన్ని ఇలా గుర్తించాలి:

1. కేంద్రాలన్నీ ముల్లుకు ఒకే పక్కకు, ఒకే దూరం జరిగితే ముందు డయల్ దారం చూడాలి.
2. ఒక చివర సరిగా ఉండి రెండో చివర తప్పితే లోపం ఆసిలేటర్ సర్దుబాటులో ఉంటుంది.
3. అన్ని చోట్లా శబ్దం తగ్గి, పక్క కేంద్రాలు కలిసిపోతే ఐ.ఎఫ్. దశను అనుమానించాలి.
4. ముల్లు సరిగానే ఉండి ఒక చివర మాత్రమే శబ్దం తగ్గితే ఏరియల్ కాయిల్‌నూ దాని ట్రిమ్మర్‌నూ సరిచూడాలి.

సర్దుబాటులో ముందు ఐ.ఎఫ్., తరువాత ఆసిలేటర్, చివర ఏరియల్ దశ. ఈ వరుస తప్పితే చేసిన పనంతా మళ్లీ చేయాలి. బ్యాటరీ చూడకుండానే ఐ.ఎఫ్. డబ్బాల మరలు తిప్పడం వల్ల మంచి సెట్లు కూడా చెడిపోతాయి.

ఇది పాటలు వినడానికి సంబంధించిన చిన్న ఇబ్బంది మాత్రమేనా? 1927 నవంబర్‌లో తుఫాను నెల్లూరును తాకినప్పుడు ఈ తీరానికి రేడియో హెచ్చరిక లేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్న నాటికి ట్రాన్సిస్టర్ పల్లెలకు చేరింది. హెచ్చరిక ప్రసారమైనా, ముల్లు తప్పిన సెట్టున్న ఇంటికి అది చేరదు. అందుచేత ప్రసార చరిత్రలో ట్రాన్స్‌మిటర్ శక్తితోపాటు ఊరి రేడియో మెకానిక్ నైపుణ్యాన్నీ లెక్కించాలి.

అభ్యాసం: మీ ఊళ్లో పాత రేడియో ఉంటే రాత్రి 720, 738, 837ల వద్ద ఏమి వినిపిస్తుందో రాసుకోండి. తుఫాను వార్తలను ఎలా వినేవారో పెద్దలను అడిగి ఒక పుట రాయండి.