పంచాంగం మీది బొటనవేలు

వేలిముద్ర రిపోర్టు చేతికొస్తే నాకు ముందు జల్పాయిగురి గుర్తొస్తుంది. 1897లో అక్కడొక టీ తోట మేనేజరు మంచం మీద గొంతు తెగి పడి ఉన్నాడు. డబ్బు పోయింది. పెట్టెలోని బెంగాలీ పంచాంగం మీద మాత్రం నెత్తుటి మరకలు. అందులో ఒకటి కాంగాలీ చరణ్ కుడి బొటనవేలితో కలిసిందని కలకత్తా వేలిముద్రల బ్యూరో తేల్చింది. ఒకప్పుడు ఆ మేనేజరు దగ్గరే పనిచేసి, దొంగతనానికి జైలుకెళ్లొచ్చిన మనిషి.

బ్యూరో పెట్టింది కూడా ఆ ఏడాదే. ముద్రల్ని 1024 గళ్లలో సర్దే లెక్క కట్టింది అక్కడ పనిచేసిన అజీజుల్ హక్. పద్ధతికి పేరు పై అధికారి హెన్రీది. కచేరీల్లో ఇది కొత్తేం కాదులెండి.

1898లో తీర్పొచ్చింది. దొంగతనం రుజువైంది, హత్య రుజువు కాలేదు. వేలు పంచాంగాన్ని ముట్టింది, సరే. గొంతు కోసింది ఆ చెయ్యేనా? మరుసటేడు సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌లో వేలిముద్రలు చేరాయి.

ఇక చేతిరాత నిపుణుడంటే, ఫీజిచ్చినవాడి పాటే పాడతాడని కోర్టుల్లో పాత అనుమానం. 1980లో మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి దాన్ని సడలించారు. నిపుణుడేమీ నేరంలో పాలుపంచుకున్న సాక్షి కాడు, జాగ్రత్తగా ఉంటూనే అతను చూపే కారణాలేమిటో చూడాలన్నారు.

ఆ కారణాలు ఎలా ఉంటాయో నాకు చూపించింది ఒక రిటైర్డు ఎగ్జామినరు. పొలం అమ్మకపు అగ్రిమెంటు మీద నిశాని తనది కాదని మా పార్టీ, ఓ ముసలమ్మ. ఆమెదేనని ల్యాబు. ఈయన ఫోటోలు పెద్దవి చేయించి రెండు రోజులు కూర్చున్నాడు.

"ప్లీడరు గారూ, వేలు ఆమెదే. ల్యాబు తప్పు చెప్పలేదు."

నా మొహం వాడిపోయింది. పెన్సిలు మొనతో కిందివరస చూపించాడు. పైన గుండ్రంగా, ఎడంగా ఉన్న అక్షరాలు ముద్ర దగ్గరికొచ్చేసరికి చిక్కిపోయాయి. ఆఖరి వరసైతే పైకి లేచి, పక్కకి ఒరిగి, ముద్ర తగలకుండా చుట్టు తిరిగింది.

"ముందు వేలు పడింది. రాత తర్వాత వచ్చింది."

అడిగితే అప్పుడు చెప్పింది ముసలమ్మ, ఎప్పుడో అప్పు కోసం తెల్ల స్టాంపు కాగితం మీద వేలేశానని.

"బోనెక్కి ఇది చెబుతారా?" అన్నాను.

"రెండూ చెబుతాను."

మొదటిది వదిలేస్తే కుదరదా అన్నాను. ఆయన మాట్లాడకుండా ఫోటోలు మళ్లీ కవర్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు.