సెన్నా - ప్రోస్ట్ వైరం

సెన్నా - ప్రోస్ట్ వైరం ఫార్ములా వన్ కారు పందాల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధి చెందిన స్పర్ధ. బ్రెజిల్ దేశస్థుడైన ఐర్టన్ సెన్నా (1960 - 1994), ఫ్రాన్సు దేశస్థుడైన అలెన్ ప్రోస్ట్ (జననం 1955) ల మధ్య ఇది ప్రధానంగా 1988 నుండి 1993 వరకు సాగింది. 1989లోను, 1990లోను ప్రపంచ ఛాంపియన్ ఎవరన్నది జపాన్ లోని సుజుకా సర్క్యూట్ లో వీరిద్దరి కార్లు ఒకదానినొకటి ఢీకొనడం వల్లనే తేలింది. మొదటిసారి లాభం ప్రోస్ట్ కు, రెండవసారి సెన్నాకు కలిగింది. రెండవసారి తాను కావాలనే ఢీకొన్నానని సెన్నా ఏడాది తరువాత బహిరంగంగా అంగీకరించాడు. ఒక క్రీడాకారుడు తన ప్రత్యర్థిని బుద్ధిపూర్వకంగా ఢీకొని ప్రపంచ విజేత కావచ్చునా, కాగలిగితే ఆ క్రీడను నడిపే సంస్థ ఏమి చేయాలి అనే ప్రశ్న ఈ రెండు ఘటనలతోనే గట్టిగా ముందుకు వచ్చింది.

పాయింట్ల లెక్క

ఈ వైరాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఆనాటి పాయింట్ల పద్ధతి తెలియాలి. 1988 - 1990 కాలంలో ప్రతి పందెంలో మొదటి ఆరు స్థానాలకు వరుసగా 9, 6, 4, 3, 2, 1 పాయింట్లు ఇచ్చేవారు. ఏడాదికి 16 పందాలు జరిగినా, ఒక్కొక్క డ్రైవర్ సాధించిన ఉత్తమమైన 11 ఫలితాలను మాత్రమే లెక్కలోకి తీసుకొనేవారు. ఏడాది చివరికి వచ్చేసరికి పాయింట్లలో ముందున్న డ్రైవర్ కు ఒక విచిత్రమైన సౌకర్యం ఏర్పడుతుంది. తానూ, తన ప్రత్యర్థీ ఇద్దరూ పందెం నుండి తప్పుకుంటే ఆధిక్యం చెక్కుచెదరదు. అనగా ఢీకొనడం వెనుకబడినవానికి నష్టం, ముందున్నవానికి లాభం. మనిషి స్వభావం మాట అటుంచి, ఈ లెక్కే ప్రమాదాన్ని ఆహ్వానించేదిగా ఉన్నదని గమనించాలి.

ఒకే జట్టులో ఇద్దరు

1988లో సెన్నా లోటస్ జట్టును వదలి మెక్‌లారెన్ జట్టులో చేరాడు. ప్రోస్ట్ అప్పటికే ఆ జట్టుకు 1985, 1986 సంవత్సరాలలో ఛాంపియన్ టైటిల్ తెచ్చిపెట్టినవాడు. కారును ఆచితూచి నడుపుతూ, టైర్లను, ఇంధనాన్ని పొదుపుగా వాడుతూ, ఎంత అవసరమో అంతే వేగంతో గెలిచే నేర్పు వల్ల ఆయనకు "ప్రొఫెసర్" అనే పేరు వచ్చింది. సెన్నా తీరు వేరు. ఒక్క లాప్ లో ఎంత వేగం సాధ్యమో అంతా రాబట్టడం, సందు కనిపిస్తే దూరడం ఆయన పద్ధతి.

హోండా ఇంజను అమర్చిన ఎంపీ4/4 అనే కారుతో ఆ ఏడాది మెక్‌లారెన్ జట్టు 16 పందాలకు గాను 15 గెలిచింది. సెన్నా 8, ప్రోస్ట్ 7 గెలిచారు. మొత్తం పాయింట్లు కూడితే ప్రోస్ట్ కు 105, సెన్నాకు 94. కాని 11 ఫలితాల నియమం ప్రకారం ప్రోస్ట్ కు 87, సెన్నాకు 90 మిగిలాయి. టైటిల్ సెన్నాకు దక్కింది. అదే ఏడాది పోర్చుగల్ లోని ఎస్టొరిల్ పందెంలో, తనను దాటబోతున్న ప్రోస్ట్ ను సెన్నా పిట్ గోడ వైపుకు నెట్టినంత పని చేశాడు. ఆ వేగంలో గోడకు, కారుకు మధ్య మిగిలిన చోటు చూసినవారికి ఒళ్ళు జలదరించింది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది అప్పుడే స్పష్టమైంది.

అసలు తెగింపు 1989 ఏప్రిల్ లో ఇటలీలోని ఇమోలాలో జరిగింది. మొదటి మలుపు వద్ద ఒకరినొకరు దాటకూడదని ఇద్దరి మధ్య ఒప్పందం ఉన్నది. గెర్హార్డ్ బెర్గర్ కారు మంటల్లో చిక్కుకోవడంతో పందెం ఆపి తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. ఆ రెండవ ప్రారంభంలో ప్రోస్ట్ ముందుకు రాగా, టోసా మలుపు వద్ద సెన్నా ఆయనను దాటి గెలిచాడు. మాట తప్పాడని ప్రోస్ట్ ఆరోపించాడు. అంతటితో ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. ఆ ఏడాది చివర మెక్‌లారెన్ ను వదలి వెళ్తున్నట్లు జూలైలో ప్రకటించిన ప్రోస్ట్, తరువాత ఫెరారీ జట్టుతో ఒప్పందం చేసుకొన్నాడు.

1989 సుజుకా

1989 అక్టోబరు 22న జరిగిన జపాన్ పందెం నాటికి లెక్కలోకి వచ్చే పాయింట్లు ప్రోస్ట్ కు 76, సెన్నాకు 60. మిగిలినవి రెండే పందాలు. సెన్నా రెండూ గెలిచి తీరాలి. ఇంతకుముందు ఢీకొనకుండా ఉండడానికి ఎన్నోసార్లు తానే దారి ఇచ్చాననీ, ఇకమీదట ఇవ్వబోననీ ప్రోస్ట్ ముందే చెప్పాడు.

పోల్ స్థానం సెన్నాదే అయినా ప్రోస్ట్ మెరుగ్గా బయలుదేరి ముందు నిలిచాడు. 53 లాప్ ల పందెంలో 46వ లాప్ వరకు అలాగే సాగింది. లాప్ చివరలో వేగం బాగా తగ్గించవలసిన ఒక వంకర మలుపు ఉన్నది. దానిని షికేన్ అంటారు. అక్కడ సెన్నా లోపలి వైపు నుండి దూరబోయాడు. ప్రోస్ట్ కారును ఆ వైపుకే తిప్పాడు. రెండు కార్లూ చక్రాలు పెనవేసుకొని ఆగిపోయాయి. మామూలుగా తిరగవలసిన చోటు కన్న ముందే ప్రోస్ట్ తిరిగాడని పైనుండి తీసిన చిత్రాలు చూసిన పలువురు అభిప్రాయపడ్డారు. సందు లేనిచోట సెన్నా దూరాడని ప్రోస్ట్ వాదన. ఈ వివాదం నేటికీ తెగలేదు.

ప్రోస్ట్ కారు దిగి వెళ్ళిపోయాడు. సెన్నా దిగలేదు. మార్షల్స్ కారును తోయగా ఇంజను తిరిగి అందుకొన్నది. ఎదురుగా ఉన్న ఎస్కేప్ రోడ్డు గుండా ఆయన ట్రాక్ పైకి వచ్చి, విరిగిన ముందు భాగాన్ని పిట్ లో మార్పించుకొని, బెనెటన్ జట్టుకు చెందిన అలెస్సాండ్రో నన్నీనిని అదే షికేన్ వద్ద దాటి మొదటివాడుగా పందెం ముగించాడు. కాని షికేన్ ను పూర్తిగా తిరగకుండా తప్పించి వచ్చాడన్న కారణంతో ఆయనను అనర్హుడిగా ప్రకటించారు. విజయం నన్నీనికి దక్కింది. ఆయన జీవితంలో గెలిచిన ఫార్ములా వన్ పందెం అదొక్కటే.

మెక్‌లారెన్ జట్టు దీనిపై అప్పీలు చేసింది. ఇక్కడొక విడ్డూరం ఉన్నది. అప్పీలు నెగ్గితే నష్టపోయేది ప్రోస్ట్. ఆయనా అదే జట్టు డ్రైవరే! పారిస్ లో జరిగిన విచారణలో అప్పీలు వీగిపోయింది. పైగా సెన్నాకు లక్ష డాలర్ల జరిమానా, అమలును నిలిపివుంచిన ఆరు నెలల నిషేధం విధించారు. పాత ఘటనలను కూడా తవ్వి తీసి ఆయన ప్రమాదకరమైన డ్రైవర్ అన్నారు. పుండు మీద కారం చల్లినట్లయింది. అప్పటి అంతర్జాతీయ మోటారు క్రీడా సమాఖ్య (ఫిసా) అధ్యక్షుడు జాన్ మారీ బలెస్త్ర్ ఫ్రెంచివాడు కావడం వల్ల, ఆయన తన దేశస్థునికి టైటిల్ కట్టబెట్టాడని సెన్నా బాహాటంగా ఆరోపించాడు. చివరి పందెం ఆస్ట్రేలియాలోని అడిలైడ్ లో కుండపోత వానలో జరిగింది. అందులో సెన్నా మార్టిన్ బ్రండల్ కారును వెనుకనుండి గుద్ది తప్పుకున్నాడు. ప్రోస్ట్ కు మూడవ టైటిల్ లభించింది.

1990 సుజుకా

మరుసటి ఏడాది పరిస్థితి తారుమారైంది. 1990 అక్టోబరు 21న అదే సుజుకాకు వచ్చేసరికి సెన్నాకు 78, ఫెరారీలో ఉన్న ప్రోస్ట్ కు 69 పాయింట్లు ఉన్నాయి. ఇద్దరూ పందెం పూర్తి చేయకపోతే, చివరి పందెం గెలిచినా ప్రోస్ట్ సెన్నాను దాటలేడు.

సుజుకాలో పోల్ స్థానం ట్రాక్ కు కుడివైపున, కార్లు ఎక్కువగా నడవని మురికి భాగంలో ఉండేది. అక్కడ టైర్లకు పట్టు తక్కువ. మొదటి స్థానం సంపాదించినవానికి ఇది శిక్షగా మారుతున్నదని, దానిని శుభ్రమైన వైపుకు మార్చమని సెన్నా కోరాడు. మార్చలేదు. దీని వెనుక కూడా బలెస్త్ర్ ఉన్నాడని సెన్నా నమ్మాడు. పందానికి ముందు జరిగిన డ్రైవర్ల సమావేశంలో మరొక సంగతి జరిగింది. షికేన్ తప్పినవారు వెనుకకు తిరిగి రావడం ప్రమాదమని, ఎస్కేప్ రోడ్డు గుండా ముందుకు వెళ్ళనివ్వాలని నెల్సన్ పికే సూచించగా అధికారులు సరేనన్నారు. ఏ పనికి ముందటి ఏడాది తనను అనర్హుని చేశారో, అదే పని ఇప్పుడు సబబైనది! సెన్నా లేచి బయటకు వెళ్ళిపోయాడు.

పందెం మొదలవగానే శుభ్రమైన వైపున ఉన్న ప్రోస్ట్ ముందుకు వెళ్ళాడు. మొదటి మలుపు వద్ద ప్రోస్ట్ లోపలికి తిరుగుతుండగా సెన్నా వేగం తగ్గించలేదు. గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో రెండు కార్లూ ఢీకొని ధూళి రేపుకుంటూ కంకర గుంటలోకి పోయాయి. పందెం ప్రారంభమై పట్టుమని పది సెకన్లు కాలేదు. వారి వెనుక ఇరవైకి పైగా కార్లు వస్తున్నాయి. ఇద్దరికీ గాయాలు కాలేదు, అది కేవలం అదృష్టం. ఇద్దరూ కొద్ది దూరం ఎడంగా, ఒకరినొకరు పలకరించుకోకుండా నడిచి పిట్ కు చేరారు. సెన్నా రెండవసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అధికారులు ఏ శిక్షా వేయలేదు. నెమ్మదైన షికేన్ వద్ద జరిగిన 1989 ఘటనకు విచారణ, జరిమానా, నిషేధం వరకు వెళ్ళినవారు అంతకంటె ఎన్నో రెట్లు ప్రమాదకరమైన ఈ ఘటనకు మౌనం వహించడం ఆ సంస్థ తీర్పులలోని అస్థిరతకు నిదర్శనం.

రెండు వారాల తరువాత అడిలైడ్ లో మాజీ ఛాంపియన్ జాకీ స్టీవర్ట్ టెలివిజన్ ముఖాముఖిలో దీని గురించి నిలదీయగా, సెన్నా తన తప్పేమీ లేదని, సందు ఉన్నప్పుడు ప్రయత్నించనివాడు రేసు డ్రైవరే కాడని వాదించాడు. 1991 అక్టోబరులో బలెస్త్ర్ ఎన్నికలలో మాక్స్ మోస్లే చేతిలో ఓడి ఫిసా అధ్యక్ష పదవి కోల్పోయాడు. ఆ నెలలోనే సుజుకాలో మూడవ టైటిల్ గెలిచిన సెన్నా విలేఖరుల ఎదుట అసలు సంగతి బయటపెట్టాడు. పోల్ స్థానం మార్చనందున, ప్రోస్ట్ ముందుకు వస్తే మొదటి మలుపులో తాను వెనుకకు తగ్గరాదని ముందే నిర్ణయించుకొన్నానని చెప్పాడు. ఆ నిజాయితీని మెచ్చుకొన్నవారు ఉన్నారు. కాని టైటిల్ మాత్రం ఆయన వద్దనే ఉండిపోయింది.

చివరి రోజులు

1991 చివరలో కారును బహిరంగంగా విమర్శించినందుకు ఫెరారీ ప్రోస్ట్ ను తొలగించింది. 1992లో పోటీలకు దూరంగా ఉండి, 1993లో విలియమ్స్ జట్టు తరఫున తిరిగి వచ్చి నాలుగవ టైటిల్ గెలిచాడు. సెన్నాను ఆ ఏడాది అదే జట్టులోకి తీసుకోకూడదన్న షరతు ఆయన ఒప్పందంలో ఉండేది. ఆయన చివరి పందెం 1993 నవంబరులో అడిలైడ్ లో జరిగింది. సెన్నా మొదటి స్థానంలో, ప్రోస్ట్ రెండవ స్థానంలో ముగించారు. బహుమతి వేదికపై సెన్నా ప్రోస్ట్ ను పైమెట్టు మీదికి లాగి కౌగిలించుకొన్నాడు.

మరుసటి ఏడాది ఇమోలాలో, ఫ్రెంచి టెలివిజన్ కోసం కారు నడుపుతూ మాట్లాడిన సెన్నా, తన మిత్రుడు అలెన్ లేని లోటు తెలుస్తున్నదని అన్నాడు. ఆ ఇమోలా పందెంలోనే, 1994 మే 1న ఆయన ప్రమాదంలో మరణించాడు. సావో పాలోలో జరిగిన అంత్యక్రియలలో శవపేటిక మోసినవారిలో ప్రోస్ట్ ఒకడు. 2010లో ఆసిఫ్ కపాడియా దర్శకత్వంలో వచ్చిన "సెన్నా" అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ వైరాన్ని ప్రధానంగా సెన్నా కోణం నుండి చూపుతుంది. కేవలం అది చూసి ప్రోస్ట్ ను ప్రతినాయకునిగా భావించడం సరికాదు.

తరువాతి ఘటనలు

1990లో శిక్ష లేకపోవడం తరువాతి తరానికి ఒక దారి చూపినట్లయింది. 1994 నవంబరులో అడిలైడ్ లో, ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్న జర్మనీ డ్రైవర్ మైకేల్ షూమాకర్ గోడకు తగిలి తిరిగి ట్రాక్ పైకి వచ్చి, దాటబోతున్న డామన్ హిల్ కారుకు అడ్డుగా తిరిగాడు. ఇద్దరూ తప్పుకోవడంతో టైటిల్ షూమాకర్ కు దక్కింది. దానిని మామూలు ప్రమాదంగా పరిగణించి వదలివేశారు.

1997 అక్టోబరు 26న స్పెయిన్ లోని హెరెజ్ లో లెక్క మళ్ళీ అదే. షూమాకర్ కు 78, జాక్ విల్నూవ్ కు 77. 48వ లాప్ లో లోపలి వైపు నుండి వచ్చిన విల్నూవ్ కారును షూమాకర్ పక్కనుండి గుద్దాడు. ఈసారి పాచిక పారలేదు. షూమాకర్ కంకరలో ఇరుక్కోగా, విల్నూవ్ దెబ్బతిన్న కారుతోనే మూడవ స్థానంలో ముగించి ఛాంపియన్ అయ్యాడు. నవంబరు 11న అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్‌ఐఏ) షూమాకర్ ను ఆ ఏడాది టైటిల్ పట్టిక నుండి తొలగించింది. గెలిచిన పందాలు మాత్రం ఆయన పేరనే ఉన్నాయి. రెండవ స్థానం పోగొట్టుకొన్నవానికి అది పెద్ద శిక్ష కాదన్న విమర్శ వచ్చింది. అయినా ఢీకొన్నందుకు టైటిల్ పట్టికనే తాకిన తీర్పు అది.

2014 నుండి డ్రైవర్ల లైసెన్సుపై దండన పాయింట్లు వేసే పద్ధతి అమలులోకి వచ్చింది. పన్నెండు నెలలలో 12 పాయింట్లు చేరితే ఒక పందెం నిషేధం. 2021లో మాక్స్ వెర్‌స్టాపెన్, లూయిస్ హామిల్టన్ సమానమైన పాయింట్లతో చివరి పందానికి రాగా, క్రీడా స్ఫూర్తికి విరుద్ధంగా ప్రవర్తిస్తే పాయింట్లు కోత వేయవచ్చునని రేసు డైరెక్టర్ ముందుగానే హెచ్చరించాడు. సుజుకా పునరావృతమవుతుందన్న భయమే దానికి కారణం. ఆ పందెంలో వివాదం వచ్చింది గాని అది ఢీకొనడం వల్ల కాదు.

2025 జూన్ 1న స్పెయిన్ పందెంలో వెర్‌స్టాపెన్, జార్జ్ రసెల్ కు దారి ఇస్తున్నట్లు వేగం తగ్గించి, అంతలోనే ముందుకు దూకి ఆయన కారును తాకాడు. అలా చేయకుండా ఉండవలసిందని మరునాడు తానే ఒప్పుకొన్నాడు. స్టీవార్డులు 10 సెకన్లు, 3 దండన పాయింట్లు విధించగా ఐదవ స్థానం నుండి పదవ స్థానానికి పడిపోయి 9 పాయింట్లు పోగొట్టుకొన్నాడు. ఆ ఏడాది టైటిల్ ను ఆయన లాండో నారిస్ చేతిలో 2 పాయింట్ల తేడాతో కోల్పోయాడు.